లెక్కలోకి రానంత

మొన్న నాకు ఎముకల స్కాన్ తీసిన్రు. నడుము నొప్పి అని పోతే డాక్టర్ రాసిచ్చిండు. సూదిమందు ఇచ్చిన పిల్ల పోతూ పోతూ, "అమ్మా, ఇయ్యాల చిన్న పిల్లలను ఎత్తుకోకండి, కడుపుతో ఉన్నోళ్ల పక్కన కూసోకండి. రేపటికి ఏం ఉండదు" అన్నది. నేను ఊకుంటనా? "ఆరు గంటలకు సగమైతది, తెలుసు బిడ్డ" అన్న. ఆ పిల్ల నా చీటీ మళ్లొకసారి చూసింది, ఒకరికి బదులు ఇంకొకరు వచ్చి పండుకున్నరేమో అని.

రేపటికి ఏం ఉండదు. ఎంత చల్లటి మాట! ఆ మాట మా అమ్మకు సమయానికి ఎవరూ చెప్పలే. చెప్పినాయన శాస్త్రం ఉన్నదున్నట్టు చెప్పిండు. చిక్కంతా అక్కడనే వచ్చింది.

అప్పుడు మేం కర్దనూర్ల ఉండేది. నాయిన బొల్లారంల మందుల కంపెనీల షిఫ్టు పని చేసేటోడు. కంపెనీ బస్సు రోడ్డు మీద దించితే నడుచుకుంట వచ్చేటోడు. ఆయన మలుపు తిరగకముందే ఆయన వాసన ఇంటికి వచ్చేది. కుళ్లిన క్యాబేజీ మీద స్పిరిట్ పోసినట్టు ఉండేదది. ఆ వాసన వస్తే మేం అన్నం తిన్నట్టే అనుకునేటోళ్లం, గాలికి వాసన లేని నాడే భయమయ్యేది, కంపెనీ బందైందేమో అని. నాయిన గేటు తీయంగనే అమ్మ కేకేసేది: "ముందు తానం! పిల్లగాన్ని ముట్టకు!" అప్పటికే తమ్ముడు ఉరుకుతుంటే అంగీ పట్టి వెనక్కి గుంజేది. నాయిన హౌజు కాడ సబ్బు సగం అరిగేదాక రుద్దుకొని, బట్టలు వేరే బకీట్ల నానేసి, అప్పుడు ఎత్తుకునేటోడు. మా ఇంట్ల 'ముట్టకు' అన్న మాట కొత్తది కాదు.

ఊరి పక్క వాగు రంగు చూసి నాయిన ఆ పొద్దు ఏ మందు దించిన్రో చెప్పేటోడు. అప్పుడప్పుడు ఆఫీసర్లు వచ్చి సీసాలల్ల నీళ్లు పట్టుకపోయేది. తర్వాత వచ్చి, "ఉన్నదేమన్న ఉంటే లెక్కలోకి రానంత ఉన్నది" అని చెప్పి పోయేది. మా నల్ల బర్రె ఆ నీళ్లే తాగి తాగి ఒకనాడు కాళ్లు చాపింది. బర్రెకు లెక్కలు రావు కద.

ముందటి పోర్షన్‌ల కిరాయికి ఒక సార్ ఉండె. కోస్తా దిక్కు మనిషి, కాలేజీల ఫిజిక్స్ చెప్పేటోడు, ఒక్కడే ఉండేటోడు. వచ్చిన కొత్తల అమ్మ గిన్నెల పచ్చిపులుసు పోసిస్తే, చారు అనుకొని పొయ్యి మీద పెట్టి మరిగించిండు. నాయినమ్మ ఆ ముచ్చట ఊరంత చెప్పింది. ఎవరన్న పొద్దున సార్‌ను పలకరిస్తే "పులుసు పొంగిందా సారూ?" అనేటోళ్లు. ఆయన నవ్వి, "ఇంకా మరుగుతోందండీ" అనేటోడు. మంచి మనిషి. ఆయనను మేం ఇంటోని లెక్కనే చూసుకున్నం, కాబట్టే ఆయన మాట అంత లోపలికి పోయింది.

అమ్మకు మెడల గడ్డ లేచింది. పట్నం పెద్దాసుపత్రిల కోసి తీసేసిన్రు. మిగిలిన వేర్లేమన్న ఉంటే కాల్చేటందుకు ఇంకో మందు ఉన్నదని, అది తాగినంక కొన్ని రోజులు పిల్లలకు దూరముండాలని చెప్పిన్రు. తమ్మునికి అప్పుడు రెండేండ్లు దాటినయి, ఇంక పాలు మానలే. నిద్రొస్తే అమ్మ కొంగు నోట్ల పెట్టుకునేటోడు. మందుకు చాన ముందుగాలనే పాలు మాన్పించాలన్నరు. నాయినమ్మ వేపాకు నూరి అమ్మ రొమ్ముకు రాసింది. వాడు నోరు పెట్టి, మొఖం అష్టవంకర్లు తిప్పి, అమ్మ దిక్కు చూసిండు. ఏడ్వలే. ఎవరో వేరే మనిషి పెట్టిన చేదును అమ్మకు చూపెట్టినట్టు నాలుక బయటపెట్టిండు. అమ్మ కొంగుతోని వాని నాలుక తుడిచింది.

అమ్మకు ప్యాకెట్ ఉప్పు బందైంది. అయోడిన్ లేని దొడ్డుప్పు వెయ్యమన్నరు. మొదటి నుంచి ప్యాకెట్ ఉప్పు మీద పగపట్టిన నాయినమ్మ, "నేను జెప్తే ఇనలే, డాక్టర్ జెప్తే ఇన్నరు" అని వాకిట్ల తిరిగింది. అమ్మకు మాత్రం అనుమానం: "సారూ, ఉప్పుల అయోడిన్ వద్దంటున్రు, మళ్ల అయోడినే తాగమంటున్రు. ఏంది కథ?"

సార్ అరుగు మీద కూసోని చెప్పిండు. "ముందు పరమాణువంటే ఏంటో చూద్దామమ్మా. మీ ఊరంత పరమాణువు ఉందనుకోండి. సరిగ్గా నడిమధ్యలో ఒక నిమ్మకాయ. అదీ కేంద్రకం. బరువంతా అందులోనే. మిగతా ఊరంతా ఖాళీ, అక్కడక్కడ ఎలక్ట్రాన్లు."

నాయినమ్మ రొట్టె చేసుడు ఆపింది. "ఊరి నడుమ నిమ్మకాయ ఎవరు పెట్టిన్రు?"

"ఎవరూ పెట్టలేదండీ, పోలిక చెబుతున్నా."

"ఊరి నడుమ నిమ్మకాయ మంచికి పెట్టరు సారూ. దాటకురి."

సార్ ఓపిగ్గ నిమ్మకాయను పక్కకు పెట్టిండు. "ఉప్పులో ఉన్నదీ అయోడినే, ఈ మందూ అయోడినే. మందులోదానికి కేంద్రకంలో న్యూట్రాన్లు నాలుగు ఎక్కువ, అంతే. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే మెడలో గ్రంథి దీన్ని కూడా లోపలికి లాక్కుంటుంది. ముందే ఉప్పు మాన్పిస్తే ఆకలి మీదుండి ఇంకా బాగా లాక్కుంటుంది. కానీ ఇది కుదురుగా ఉండే సరుకు కాదు. ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిపోయి ఒక ఎలక్ట్రాన్‌ని బయటికి విసురుతుంది. ఆ దెబ్బకి పక్కనున్న చెడ్డ కణం చస్తుంది. అయోడిన్ కాస్తా జినాన్ అనే వాయువు అయిపోయి ఎవరి జోలికీ పోకుండా పోతుంది."

"అంటే దొంగోడు చుట్టం లెక్క వేషమేసుకొని ఇంట్లకు వచ్చినట్టు" అన్నది అమ్మ.

"దొంగ కాదమ్మా, పోలీసు. మిగిలిన దొంగల్ని పట్టడానికి."

"మా దిక్కు పోలీసు వస్తే దొంగోని కన్న ఇంటోళ్లకే పరేషాన్" అన్నది నాయినమ్మ. ఆ మాట తర్వాత తర్వాత నాకు మస్తుసార్లు యాదికొచ్చింది.

ఆసుపత్రిల మందు తాగి, అక్కడనే కొన్ని దినాలు ఒక్కతే ఉండి వచ్చింది అమ్మ. వచ్చి, దూరం నుంచే చెప్పింది: "సీసం డబ్బల పెట్టి తెచ్చిండే. ఇచ్చేటాయన నా ముందట పెట్టి, దూరం పోయి, తాగమని సైగ చేసిండు. ఏం మందో, ఇచ్చేటోడే భయపడె." నవ్వుకుంటనే చెప్పింది. పక్కర్రల వేరే మంచం, వేరే పల్లెం, వేరే చెంబు. గామా కిరణాలు ఒంట్ల నుంచి బయటికి వస్తయని, దూరం రెట్టింపు చేస్తే దెబ్బ నాలుగో వంతుకు తగ్గుతదని సార్ చెప్తే, నాయినమ్మ ముగ్గుపిండి తెచ్చి అర్ర ముందు ఒక గీత గీసింది. ఆ తర్వాత దర్వాజకు వేపకొమ్మలు కట్టింది.

"అత్తా, ఇది అమ్మవారు కాదు" అన్నది అమ్మ లోపటి నుంచి.

"అర్రల కూసోబెడ్తరు, పల్లెం వేరంటరు, పిల్లలను రానియ్యద్దంటరు. అమ్మవారు కాకపోతే ఏందే? డాక్టర్ పేరు మార్చిండు, అంతే."

ఇంట్ల పోపు బందు. వచ్చినోళ్లు వేపకొమ్మలు చూసి గేటు కాన్నే ఆగి, చెంబెడు నీళ్లు వాకిట్ల పోసి దండం పెట్టి పోయేది. ఆసుపత్రోళ్లు ఇచ్చిన కాయితం చదివి ఎవరూ ఆగకపోయేది కానీ, వేపాకు చూసి ఊరంత ఆగింది. సార్ ఇది చూసి, "రేడియేషన్ భద్రతా నియమాలు ఇంత చక్కగా అమలైన చోటు దేశంలో ఇంకోటి ఉండదు" అన్నడు.

తమ్మున్ని ఆ గీత దాటకుండ చూసుడు నా పని. ఏడిపిస్తే ఆగడు, కొడితే ఆగడు. అందుకే ఆట నేర్పిన. వాడు ఏదన్న తెచ్చి గీత మీద పెట్టి, వెనక్కి ఉరికొచ్చి, "తీస్కో" అని చప్పట్లు కొట్టాలె. అప్పుడు అమ్మ వచ్చి తీసుకుంటది. రాయి, సీసా మూత, కోడి ఈక, కొరికిన రొట్టె, అన్నీ అమ్మకు పోయినయి. అమ్మ అన్నీ కిటికీల పేర్చి పెట్టుకున్నది. నిద్రకు మాత్రం ఏ ఆట పనిచెయ్యలే. నాయినమ్మ కొంగు నోట్ల పెట్టుకొని, ఇది ఆ కొంగు కాదని తుప్పున ఊసి, మళ్ల అదే పెట్టుకొని పండుకునేటోడు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. నేను మెల్లగ కిటికీ కాడికి పోయి నిలబడ్డ.

"ఏం చూస్తున్నవే?"

"మెరుస్తవేమో అని."

"మెరిస్తే కరెంటు బిల్లన్న తగ్గుతుండె" అన్నది అమ్మ. "దూరం జరుగు."

డాక్టర్ చెప్పిన గడువు అయిపోయింది. నాయినమ్మకు గడువు గిడువు ఏం లేదు, ఆదివారం చూసింది. వేపాకు, పసుపు వేసి నీళ్లు కాచి, అమ్మకు తలమీద నుంచి పోసింది. కొమ్మలు విప్పి వాగుల కలిపింది. పోపు పెట్టింది, ఇల్లంత ఎల్లిపాయ వాసన. "అయిపాయె. తల్లి ఎల్లిపోయింది. పిల్లగాన్ని ఎత్తుకో" అన్నది.

అమ్మ చేతులు చాపింది. చాపి, ఎందుకో ఆగింది. అరుగు మీద సార్ ఉన్నడు. "సారూ, ఇది మొత్తం పోయినట్టేనా?"

ఏండ్ల తరబడి కాలేజీల ఒక్క పిలగాడు సుత ప్రశ్న అడగని మనిషి. ఆయన మొఖం వెలిగిపోయింది. జేబుల చాక్‌పీస్ తీసి ఎర్రగచ్చు మీద గీత గీసిండు. "ఎనిమిది రోజులకి సగం పోతుందమ్మా. ఇంకో ఎనిమిదికి అందులో సగం. మళ్లీ ఎనిమిదికి అందులో సగం. దీన్నే అర్ధాయువు అంటాం."

"మరి మొత్తం పొయ్యేది ఎప్పుడు?"

"సిద్ధాంతం ప్రకారం ఎప్పటికీ పూర్తిగా సున్నా కాదు. చూడండి, గీత కిందికి దిగుతూనే ఉంటుంది, నేలకి తగలదు." అమ్మ రంగు మారుడు చూసి తొందరగ అన్నడు, "కంగారేం లేదమ్మా. లెక్కలోకి రానంత తక్కువైపోతుంది."

ఆయనకు తెల్వదు, ఆ మాట మా ఊర్ల ఇంతకు ముందు ఎవరు అన్నరో. సీసాలల్ల నీళ్లు పట్టుకపోయిన ఆఫీసర్లు అన్న మాటే, అక్షరం పొల్లు పోకుండ. అమ్మ చాపిన చేతులు కొంగుకు తుడుచుకున్నది. అర్రలకు పోయి కూసున్నది.

నాయినమ్మ గంటసేపు దర్వాజ కాడ కొట్లాడింది. "తానం అయినంక గూడ కడప దాటవేందే? ఏడనన్న ఉన్నదా?"

"అత్తా, ఇది ఎల్లిపోయే తల్లి కాదట" అన్నది అమ్మ.

నాయిన షిఫ్టు దిగి వచ్చి చెప్పి చూసిండు. "నేను దినాం ఆ కంపెనీల మునిగి వస్త. నేను ఎత్తుకుంటలేనా?"

"నువ్వు తానం చేస్తే పోతది. నాది లోపట ఉన్నది."

ముగ్గుగీత మొదటి వానకే కొట్టుకపోయింది. అమ్మ వంట చేసింది, బట్టలు ఉతికింది, నాకు దూరం నుంచే జడ ఎట్ల అల్లుకోవాల్నో చెప్పింది. తమ్మున్ని మాత్రం ముట్టలే. వానలు పోయినయి, బతుకమ్మ పోయింది, చలి వచ్చింది. అమ్మ ముట్టనిది తన మాటకే అని తెలిసి సార్ పరుగెత్తుకొచ్చిండు. "అమ్మా, ఆ గీత పుస్తకంలోది. నిజంగా పరమాణువులు లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి, ఆఖరిది కూడా ఒకరోజు పోతుంది. అదీ కాక చాలామటుకు ఒంట్లోంచి నీళ్లతోనే పోతుంది."

"అప్పుడు పోదంటిరి."

"అప్పుడు సిద్ధాంతం చెప్పానమ్మా."

"మీ మీద కోపం లేదు సారూ. పిలగాడు చిన్నోడు, అంతే."

సార్ ఆ వారం అంత అన్నం సరిగ తినలే. నాయినమ్మ పచ్చిపులుసు పంపితే, మరగపెట్టకుండనే తాగిండు.

తిరిగి ఆసుపత్రికి పోవాల్సిన రోజు వచ్చింది. నాయినకు సెలవు దొరకలే, నేను తోలుకపోయిన. అక్కడ పరీక్షలన్నీ అయినంక ఒకాయన చిన్న మీటర్ తెచ్చి అమ్మ మెడ కాడ పెట్టిండు. టిక్... టిక్... టిక్. అమ్మ నా దిక్కు చూసింది: విన్నవా, ఉన్నది.

ఆయన నవ్విండు. మీటర్ తీసి గోడకు పెట్టిండు. టిక్... టిక్... టిక్.

"గోడ తాగలే కద మందు?" అన్నది అమ్మ.

"గోడల రాయి ఉన్నదమ్మా. మన నేల రాయే గట్లాంటిది. జెరంత అందరికి ఉంటది."

అమ్మ నమ్మలే. "మా పిల్లకు పెట్టురి." పెట్టిండు. "మీకు పెట్టుకోండి." పెట్టుకున్నడు. కుర్చీకి పెట్టమన్నది, ఆయన చాయ్ గిలాసకు పెట్టమన్నది. అన్నీ గంతే చప్పుడు చేసినయి. అమ్మ అట్ల నవ్వుడు నేను చాన దినాలకు చూసిన. "అందరం గింతేనా?"

"అందరం గింతేనమ్మా."

బస్సుల నా చెయ్యి పట్టుకొని కూసున్నది. వేళ్లన్నీ ఒక్కొక్కటి ఒత్తుకుంట కూసున్నది. పటాన్‌చెరుల దిగి బిస్కెట్ పుడ కొన్నది. ఆటోల నుంచి దిగి ఉరికినట్టే నడిచింది.

తమ్ముడు వాకిట్ల నాయినమ్మ పక్కన రొట్టె ముక్క చీక్కుంట కూసున్నడు. అమ్మ పుడ కింద పడేసి, మోకాళ్ల మీద కూసోని, రెండు చేతులు చాపింది. "రా బిడ్డ."

వాడు లేచిండు. నడుచుకుంట వచ్చిండు. ముగ్గుగీత ఒకప్పుడు ఉన్న కాడ, సరిగ్గ అక్కడ, ఆగిండు. చేతిల రొట్టె ముక్క కింద పెట్టిండు. వెనక్కి ఉరికి నాయినమ్మ కొంగు పట్టుకొని, మాకు మస్తు మంచి పని చేసినట్టు నవ్వి, చప్పట్లు కొట్టిండు. "తీస్కో."

అమ్మ చాపిన చేతులు మెల్లగ దించి, ఆ ముక్క తీసుకున్నది. మట్టి దులిపి, నోట్ల పెట్టుకొని నమిలింది. "మంచిగున్నది బిడ్డ" అన్నది.

ఎత్తుకుంటే ఎత్తుకోనిచ్చేటోడు, ఏడ్వకపోయేది. చుట్టాల ఇంటికొచ్చిన పిలగాని లెక్క బిగుసుకొని ఉండి, దించంగనే నాయినమ్మ కాడికి పోయేటోడు. పండుకునే జాగ నాయినమ్మ పక్కనే అయింది. అమ్మ బలవంతం చెయ్యలే. "అలవాటైతడు తియ్యి" అనుకుంట ఎదురుచూసింది. ఎదురుచూస్తుంటే వాడు బడికి పోయిండు, ఎదురుచూస్తుంటే వానికి మీసాలొచ్చినయి.

మందు బాగనే పనిచేసింది. మెడల గడ్డ మళ్ల రాలే, అమ్మ చాన ఏండ్లు బతికింది. ఆసుపత్రోళ్ల లెక్కల మాది గెలిచిన కేసు. సార్ బదిలీ అయి పోయేటప్పుడు అమ్మ కాళ్లకు దండం పెట్టబోతే, అమ్మ రెండడుగులు వెనక్కి జరిగింది. పెద్దాయన ఎందుకు మొక్కుడు అని కాదు, వట్టి అలవాటు. నాయినమ్మ పోయింది, నాయిన పోయిండు. ఎర్రగచ్చు అరుగు పగలగొట్టి బాత్‌రూం కట్టిన్రు. జొన్నచేన్లు ప్లాట్లు అయినయి, వాగు మీద ఒక అపార్ట్‌మెంట్ లేచింది, దాని పేరుల సెలయేరు అని ఉన్నది. ఇప్పుడు గాలికి ఏ వాసన లేదు. నాకు ఇంక అలవాటు కాలే.

నేను పోయి ఫిజిక్స్‌ల డిగ్రీ చేసిన. ఎందుకని అడిగితే, దగ్గర్ల ఆ కోర్సే ఉండె అని చెప్తుంట.

తమ్ముడు మంచి కొడుకు. ఎంత మంచి కొడుకంటే చుట్టాలల్ల ఒక్కరికి అనుమానం రాలే. మందు గోలీలు తెచ్చేటోడు, ఆసుపత్రికి తోలుకపోయేటోడు, వచ్చిన ప్రతిసారి మంచం పట్టె మీద కూసోని బాగోగులు అడిగేటోడు. పట్టె మీదనే. అమ్మ కాళ్లు ముడుచుకొని జాగ ఇచ్చేది, వాడు గమనించకపోయేది.

అమ్మ పోయినంక, కర్మలన్నీ అయినంక, నేను, వాడు ఆమె చీరెలు మడత పెడుతున్నం. నెత్తి నెరిసిన మనిషి, ఒక చీరె సగం మడిచి, కొంగు చేతిల పట్టుకొని ఆగిండు.

"అక్కా, నేను ఎన్నడన్న అమ్మ పక్కల పండుకున్ననా?"

"పండుకున్నవురా. రెండేండ్ల దాక ఇంకెక్కడ పండుకున్నవు?"

"నాకు యాదిలేదు. ఎట్లుండె?"

నేను చెప్పిన. జాగ ఇయ్యకపోయేది, బొంత మొత్తం గుంజుకునేది. మోచెయ్యి డొక్కల పొడిచేది. నిద్రల గొనిగేది, ఎవరితోనో కూరగాయలు బేరం చేస్తున్నట్టు. తెల్లారేసరికి నువ్వు గోడకు ఆని ఉండేటోనివి, ఆమె నీ మీద చెయ్యేసుకొని ఉండేది.

"నా మీదనా?"

"నీ మీదనే."

చిన్నప్పుడు లెక్క తప్పితే ఎట్ల మొఖం పెట్టేటోడో అట్లనే పెట్టిండు.

"ఏ చెయ్యి?"

నాకు యాదిలేదు. ఎడమ చెయ్యి అని చెప్పిన.